వర్షావాసం మిగిలింది, చారిక ఏదీ?

బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకచోట కుదురుగా ఉండే ఆచారం ధ్యానం కోసం పుట్టింది కాదు. జనం ఫిర్యాదుతో పుట్టింది. వినయపిటకంలోని మహావగ్గం ఆ సంగతి చెబుతుంది. తక్కిన సాధువులంతా వానల్లో ఒకచోట ఆగిపోతారు, పక్షులు సైతం గూళ్లు కట్టుకుని కూర్చుంటాయి, ఈ శాక్యపుత్రుడి శిష్యులకు మాత్రం వానా లేదు ఎండా లేదు, పచ్చటి మొలకలు తొక్కుకుంటూ, పురుగూ పుట్రా చంపుకుంటూ తిరుగుతున్నారని ఊళ్లో వాళ్లు సణిగారు. ఆ మాట బుద్ధుడి చెవిన పడింది. అప్పుడు పెట్టిన కట్టుబాటే వర్షావాసం. మిగిలిన తొమ్మిది నెలలూ ఊరూరా తిరగడమే భిక్షువు పని. ఆ తిరుగుడుకు చారిక అని పేరు.

ఇవాళ పది రోజులు, వారం, మూడు రోజులు అంటూ నడుస్తున్న ధ్యాన శిబిరాలు ఆ వర్షావాసానికి దూరపు చుట్టాలు. ఫోను అప్పగించి, మాట మానేసి, ఇంటికీ ఉద్యోగానికీ దూరంగా కూర్చునే పద్ధతి మనదాకా వచ్చింది. చారిక మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. ధ్యానం వల్ల సమాజానికి ఏం ఒరుగుతుంది అన్న చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు జట్లవుతారు. కళ్లు మూసుకు కూర్చుంటే ఆకలి తీరుతుందా అని ఒకరు, మనసు శుద్ధి కాకుండా చేసే సేవ అహంకారానికి మేత అని మరొకరు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఈ తగువు తెగదు. కూర్చున్నవాళ్లు లేచి ఎటు వెళ్తున్నారు, అసలు కూర్చునే వీలు ఎవరికుంది, ఎవరి నేల మీద కూర్చుంటున్నారు అని అడిగితే చర్చ కాస్త నేల మీదికి దిగుతుంది. అలా అడగడానికి గూడెం కొత్తవీధి కన్నా తగిన చోటు తెలుగునాట నాకు తోచలేదు.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి దాటితే వచ్చే మండలం ఇది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు, వాలు చేలల్లో రాజ్మా. బగతలు, కోదులు, కొండదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు ఉండే ఊళ్లు. చలికాలంలో లంబసింగి మంచు చూడటానికి మైదానం నుంచి కార్లు బారులు తీరతాయి. ప్రశాంతత ఇప్పుడు పర్యాటకంలో అమ్ముడుపోయే సరుకు. పోతే, ఈ కొండల మనుషులకు వాళ్ల సాధన వాళ్లకుంది. చైత్రంలో ఇటుకల పండగ, పాడేరులో మోదకొండమ్మ జాతర, కొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు పెట్టే కొత్తలు, చేతులు పెనవేసుకుని ఆడే థింసా. అందులో మౌనం లేదు. ఒంటరితనం అంతకన్నా లేదు. మైదానం వాడు శాంతి కోసం జనాన్ని వదిలి కొండెక్కుతాడు. కొండమీది వాడు పండగ కోసం జనంలో కలుస్తాడు.

ఈ కొండల నుంచి సముద్రం వైపు దిగితే బౌద్ధం పాత అడుగులు కనిపిస్తాయి. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ. అలెగ్జాండర్ రే 1906లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో బావికొండ, తొట్లకొండ, పావురాళ్లకొండ. 1988 నుంచి తొట్లకొండ మీద తవ్వకాలు జరిగితే భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. వాటితోపాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా. ధ్యానం చేసుకునే కొండ మీదికి రోమ్ నాణెం ఎలా వచ్చింది? విహారాలు కట్టినవాళ్లు జనానికి దూరంగా పారిపోలేదు. రేవుకు పైన, వర్తకుల బాటకు పక్కన, గొడవ వినపడనంత ఎత్తులో, భిక్షకు దిగి వెళ్లగలిగినంత దగ్గరలో కట్టుకున్నారు. తొట్లకొండ ఎక్కి చూస్తే ఆ లెక్క ఇట్టే అర్థమవుతుంది. ధ్యాన కేంద్రం ఎక్కడ పెట్టాలో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం ఉంది. ఇక్ష్వాకుల కాలానిది. సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. అదే శాసనంలో ఇతర చోట్ల తాను చేయించిన పనుల జాబితా కూడా చెక్కించింది, అందులో పువ్వసేలంలో తవ్వించిన ఒక చెరువు ఉంది. ధ్యానించేవాళ్లకు గది, ఊరికి నీళ్లు అని ఆమె రెండు పద్దులు వేరుచేసి రాయలేదు. సంప్రదాయం ఆచార్య నాగార్జునుడిదని చెప్పే రత్నావళి శాతవాహన రాజుకు రాసిన ఉత్తరం. శూన్యవాదం చెప్పిన ఆ తత్త్వవేత్త రాజుకు చెప్పిన సలహాల్లో బాటసారులకు నీటి పందిళ్లు, రోగులకూ అంధులకూ ఆసరా, కరువులో పన్ను తగ్గింపు ఉన్నాయి. ఖైదీల గురించి అతను రాసిన మాటలు చదివితే ఇప్పటి జైళ్ల శాఖ కూడా ఆలోచనలో పడాలి: విడుదలయ్యేదాకా వాళ్లకు క్షురకులు, స్నానం, తిండి, మందు, బట్ట లోటు లేకుండా చూడమన్నాడు. ఈ ఖైదీల మాట మళ్లీ వస్తుంది.

తర్వాత విహారాలు ఖాళీ అయ్యాయి. అందుకు ఒక్క కారణం చెప్పేవాళ్లను నమ్మలేం. వర్తకం తగ్గింది, రాజాదరణ తగ్గింది, దానాలు గుళ్ల వైపు మళ్లాయి. ఆ కొండలు ఎవరివో కింద ఊళ్లవాళ్లకే గుర్తు లేకుండా పోయింది. బొజ్జన్నకొండ మీద ఒక బండను రాక్షసుడి పొట్ట అనుకుని కనుమ నాడు రాళ్లు విసిరే ఆచారం మొన్న మొన్నటిదాకా ఉండేది. చారిక ఆగిపోయిన మతానికి పట్టే గతి అలాగే ఉంటుందని నాకు అనిపిస్తుంది. దీన్ని చరిత్రకారుడి తీర్పుగా కాక, నా అనుమానంగానే తీసుకోండి.

ఆధునిక కాలంలో ధ్యానం తెలుగునేలకు బర్మా మీదుగా తిరిగొచ్చింది. మధ్యలో ఒక గుమాస్తా ఉన్నాడు. స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్ అయిన సయాజీ ఊ బా ఖిన్ చిన్న గుమాస్తాగా ఉద్యోగంలో చేరి ఆ కుర్చీ దాకా వచ్చినవాడు. ఆఫీసులోనే సిబ్బందికి విపశ్యన నేర్పాడు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టాడు. ఒకేసారి రెండు మూడు శాఖలు చూస్తూ, లంచం ముట్టని అధికారిగా పేరు తెచ్చుకున్నాడు. ధ్యానాన్ని పనిలో ఎలా పెట్టాలో చూపడానికి నాకు తెలిసినంతలో ఆయన్ని మించిన ఉదాహరణ లేదు. ఆయన అడవికి పోలేదు, ఫైళ్ల మధ్యనే కూర్చున్నాడు. ఆయన శిష్యుడు సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తలనొప్పికి మందు వెతుక్కుంటూ 1955లో ఆయన దగ్గరకు వెళ్లి, 1969 జులైలో బొంబాయిలో తన మొదటి శిబిరం నడిపాడు. 2013లో చనిపోయేనాటికి ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. తెలుగువాళ్లకు 1976లోనే హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర కుసుమ్ నగర్‌లో ధమ్మఖేత్త వచ్చింది. ఆ తర్వాత ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ, నాగార్జునసాగర్‌లో ధమ్మనాగజ్జున, ఇంకా కొన్ని.

వెళ్లినవాళ్లకు దినచర్య తెలిసిందే. తెల్లవారుజామున 4 గంటలకు గంట. రోజుకు దాదాపు 10 గంటలు కూర్చోవడం. మొదటి మూడు రోజులూ ముక్కుపుటాల దగ్గర ఊపిరి మీదే ధ్యాస. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా తడుముతూ పోయే విపశ్యన. మధ్యాహ్నం తర్వాత భోజనం లేదు, కొత్తవాళ్లకు సాయంత్రం పళ్లు, టీ. చదవకూడదు, రాయకూడదు, ఎదుటివాడి కళ్లలోకి చూడకూడదు. రుసుము లేదు. పూర్తిచేసినవాళ్ల నుంచే విరాళం తీసుకుంటారు. ఆ విరాళం తర్వాత వచ్చేవాడి అన్నానికి. వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు పాత సాధకులు, జీతం లేకుండా. దేశంలో ఇంత పెద్ద ఎత్తున, ఇంత నిజాయితీగా ఉచితంగా నడుస్తున్న ధ్యాన వ్యవస్థ మరొకటి నాకు కనిపించదు. ఈ మెప్పు ముందు చెప్పాకే తప్పు పట్టే అర్హత వస్తుంది.

రుసుము లేకపోయినా ఖర్చు ఉంది. పది రోజుల కూలి. జీతం ఉన్నవాడు సెలవు పెట్టి వెళ్తాడు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో పది రోజులు కనపడకపోతే గూడెం ఆడకూతురు ఆ ఏడాది సొమ్ము పోగొట్టుకుంటుంది. కలుపు తీసే రోజుల్లో పోతే పంటే పోతుంది. చంకన బిడ్డ ఉంటే అసలు గడపే దాటలేదు. ప్రసంగాలు తెలుగులో దొరుకుతాయి, కానీ కువి మాట్లాడే కోదు ముసలాయనకు ఆ తెలుగు కూడా పరాయిదే. తలుపు తీసే ఉంది, దారే లేదు. అందుకే శిబిరం హాల్లో మెత్తల మీద కూర్చున్నవాళ్లలో పోడు రైతు అరుదు. ఇంకొక మాట. మైత్రీ భావన, అంటే ఎదుటివారి మేలు కోరే సాధన, పదో రోజుకు గాని రాదు. అదే రోజు మౌనం విడుస్తారు, పదకొండో రోజు పొద్దున్నే బస్సు. లోపలికి చూడటానికి తొమ్మిది రోజులు, పక్కవాడి వైపు చూడటానికి ఒక్క రోజు. వండటం, ఊడ్చటం లాంటి ధమ్మసేవ ఉంది కదా అంటారు. ఉంది, అది ఆవరణ గేటు దాకా చేసే చారిక.

విపశ్యన కేంద్రాలే కాదు, 1990లో కర్నూలులో మొదలైన పిరమిడ్ ధ్యానోద్యమాన్నీ ఇక్కడ తలుచుకోవాలి. ఊపిరి మీద ధ్యాసకు పేరైన ఆనాపానసతి అన్న పాళీ మాట తెలుగు పల్లెలదాకా చేరిందంటే అందులో దాని వాటా పెద్దది. అయితే బౌద్ధంతో దానిది పేరు వరకే చుట్టరికం. మాంసం మానమనే దాని ప్రచారాన్ని ఇటుకల పండగకు వేటకు కదిలే ఊళ్లలో ఎవరికి చెప్పగలరు?

ఈ మొత్తం ప్రశ్నను తెలుగు దళిత బౌద్ధులు చాలాకాలంగా గట్టిగానే అడుగుతున్నారు. వాళ్లకు ఆ బలం ఇచ్చింది అంబేద్కర్. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన వెంట లక్షల మంది బౌద్ధం తీసుకున్నప్పుడు అది ఎవరి మనశ్శాంతి కోసమూ జరిగిన పని కాదు, కులం నుంచి బయటపడే పని. ఆయన పోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథానికి రాసిన ప్రవేశికలో భిక్షువు గురించి సూటి ప్రశ్న వేశాడు. భిక్షువు తనను తాను తీర్చిదిద్దుకునే పరిపూర్ణుడా, జనానికి సేవకుడా? ఒట్టి పరిపూర్ణుడే అయితే బౌద్ధానికి అతని వల్ల ఉపయోగం లేదని, అది స్వార్థమే అవుతుందని తేల్చేశాడు. దుఃఖానికి మూలం మనిషి తృష్ణలోనే ఉందంటే, అంటరానివాడి దుఃఖానికి అంటరానివాడే కారణమవుతాడు కదా అన్నది దళిత బౌద్ధుల వాదంలోని పదును. ధ్యాన శిబిరాలకు వెళ్లే మిత్రులు ఈ మాట వినగానే నొచ్చుకుంటారు. నొచ్చుకోవడం మాని జవాబు వెతకాలి. ఎందుకంటే ఈ ప్రశ్నను ఏజెన్సీకి అన్వయిస్తే ఇంకా కఠినంగా ఉంటుంది: రోడ్డు లేక డోలీలో మోసుకెళ్తుండగా దారిలో ప్రాణం పోయిన బాలింత దుఃఖానికి మూలం ఎవరి తృష్ణలో వెతకాలి?

బౌద్ధ గ్రంథాలు మాత్రం ఈ విషయంలో మన శిబిరాలకన్నా తెలివిగా ఉన్నాయి. ధమ్మపద అట్ఠకథలో ఆళవి రైతు కథ ఉంది. తప్పిపోయిన ఎద్దును వెతికి ఆకలితో వచ్చిన రైతుకు ముందు అన్నం పెట్టించి ఆ తర్వాతే బుద్ధుడు బోధ మొదలుపెట్టాడు. విరేచనాలతో మలమూత్రాల్లో పడివున్న భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే ఆనందుడితో కలిసి తానే కడిగాడు, తనకు సేవ చేయదలచినవారు రోగికి చేయమన్నాడు. దీఘనికాయంలోని కూటదంత సూత్రంలో దొంగల బెడద తీర్చడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది. శిక్షలతో తీరదు, సేద్యం చేసేవాడికి విత్తనం ఇవ్వు, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి ఇవ్వు, కొలువులో ఉన్నవాడికి సరైన జీతం ఇవ్వు అని రాజుకు సలహా.

ఆ సలహాను గూడెం కొత్తవీధికి తెచ్చి చూడండి. ఈ చుట్టుపక్కల మండలాల్లో గంజాయి సాగు ఏళ్లపాటు సాగింది. 2021 చివర మొదలైన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. సరుకు మోసిన కుర్రాళ్లు జైళ్లకు వెళ్లారు, పెట్టుబడి పెట్టిన పెద్దలు చాలావరకు మైదానాల్లో క్షేమంగా ఉన్నారు. ఇప్పుడు ఆ జైలుకు ధ్యానం తీసుకెళ్తే? అది తేలిగ్గా కొట్టిపారేసే ఆలోచన కాదు. 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో గోయెంకా శిబిరం పెట్టినప్పుడు ఖైదీల కాళ్ల సంకెళ్లు తీయించాకే బోధ మొదలైంది. తిహార్‌లో కిరణ్ బేడీ అధికారిగా ఉండగా 1993లో శిబిరాలు మొదలై, 1994 ఏప్రిల్‌లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి కూర్చున్నారు. జైలు సిబ్బందీ కూర్చున్నారు, అది అసలు విశేషం. తిట్టే నోరూ తిట్టించుకునే చెవీ ఒకే హాల్లో మౌనంగా కూర్చోవడం వల్ల జైలు గాలి కొంతైనా మారుతుందని చూసినవాళ్లు చెప్పారు. నాగార్జునుడి ఉత్తరం దాదాపు రెండు వేల ఏళ్లకు కాస్త అమలైందనుకోవచ్చు. కానీ గూడెం కుర్రాడు శాంతంగా మారి ఇంటికి వచ్చేసరికి కాఫీకి గిట్టుబాటు ధర లేకపోతే, చేతిలో పట్టా లేకపోతే, సరుకు మోయమనే మనిషి మళ్లీ వాకిట్లోనే ఉంటాడు. కూటదంత సూత్రంలో చెప్పిన విత్తనం, పెట్టుబడి లేకుండా జైలు ధ్యానం సగం పని. ఆ సగం కూడా విలువైనదే అంటాను, మొత్తం పని అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

రెండు సగాలూ కలిపి చేసి చూసినవాళ్లు లేకపోలేదు. శ్రీలంకలో 1958లో కొలంబో నలంద కాలేజీ మాస్టారు ఎ.టి. అరియరత్నే తన విద్యార్థులను వెంటబెట్టుకుని వెలివేసిన కులం ఉండే కనతొలువ అనే ఊరికి వెళ్లాడు. అలా మొదలైన సర్వోదయ శ్రమదానం వేల ఊళ్లకు పాకింది. పొద్దున్నే ఊరంతా ఒకచోట కూడుతుంది. కాసేపు మైత్రీ ధ్యానం. ఆ తర్వాత పలుగూ పారా. రోడ్డో, బావో, పాఠశాలో. నాలుగు ఆర్యసత్యాలను ఊరి భాషలోకి దించారు: ఈ ఊరి దుఃఖం ఏమిటి, దానికి కారణం ఏమిటి, పోగొట్టగలమా, ఎలా? గమనించండి, మైత్రి అక్కడ పదో రోజున రాదు, మొదటి గంటలోనే వస్తుంది. అరియరత్నే వినోబా దగ్గర నేర్చుకున్నాడు. ఆ వినోబాకు భూదానం తట్టింది మన పోచంపల్లిలోనే, 1951 ఏప్రిల్ 18న, దళితులు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచినప్పుడు. వచ్చిన భూమిలో ఎంత పేదల చేతికి చేరిందన్నది వేరే కథ, అంత గర్వపడేది కాదు.

వియత్నాంలో యుద్ధం నడుస్తుండగా థిచ్ న్యాట్ హాన్ యువ సేవకుల పాఠశాల పెట్టాడు. బాంబులు పడ్డ ఊళ్లను మళ్లీ కట్టడం వాళ్ల పని. కొందరు ఆ పనిలోనే హత్యకు గురయ్యారు. అలిసిపోయిన ఆ కార్యకర్తలకు వారానికి ఒక రోజు ఎరుకతో గడపమని చెబుతూ ఆయన 1974లో రాసిన పొడుగాటి ఉత్తరమే 'మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్' అన్న పుస్తకం అయ్యింది. ఇవాళ కంపెనీ ఉద్యోగుల ఒత్తిడి తగ్గించే శిక్షణల్లో ఆ మాటలు తిరుగుతున్నాయి. ఎవరికి రాసిన ఉత్తరం ఎవరు చదువుతున్నారు! శిబిరం పనికి బదులు కాదు, పని చేసేవాళ్లకు ఊపిరి అన్నది ఆయన పద్ధతి. చారిక చేసేవాడికే వర్షావాసం కావాలి కదా, నాకు ఆ పద్ధతే బౌద్ధం మొదటి లెక్కకు దగ్గరగా కనిపిస్తుంది.

ఇక పరిశోధకులు ఏమంటున్నారు? 2013లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఎనిమిది వారాలు ధ్యానం చేసినవాళ్లు, చేయనివాళ్లు. వేచివుండే గదిలోకి చంకకర్రలతో, నొప్పితో ఒకామె వస్తుంది. ఖాళీ కుర్చీ లేదు. ధ్యానం చేసినవాళ్లలో సగం మంది లేచి చోటిచ్చారు, చేయనివాళ్లలో 16 శాతమే. పాల్గొన్నది 39 మంది. ఈ ఒక్క ప్రయోగం పట్టుకుని ధ్యానం లోకాన్ని మారుస్తుందని ఊరేగినవాళ్లు చాలామంది. 2018లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు ప్రభావం ఉన్నా తక్కువేనని, కరుణ పెరిగిందని తేలిన చోట ధ్యానం నేర్పినవాడే అధ్యయనకర్తల్లో ఒకడుగా ఉన్నాడని చెప్పి ఉత్సాహం మీద నీళ్లు చల్లారు. 2021లో వచ్చిన మైఖేల్ పౌలిన్ బృందం అధ్యయనం నాకు ఎక్కువ నచ్చింది. తమను నలుగురిలో ఒకరుగా చూసుకునేవాళ్లు ధ్యానం చేస్తే సాయం చేసే గుణం పెరిగింది. తామే ఒక లోకంగా ఉండేవాళ్లు చేస్తే తగ్గింది! ఉన్న గుణాన్నే ధ్యానం పెద్దది చేస్తుందన్నమాట. చేతులు పెనవేసుకుని థింసా ఆడేవాళ్ల దగ్గరకు ఒంటరి సాధన నేర్పడానికి బయల్దేరేముందు ఈ అధ్యయనం ఒకసారి చదువుకోవడం మంచిది.

సామాజిక కార్యాచరణ అన్న మాటకూ మరీ మొక్కనక్కర్లేదు. ఆధునిక విపశ్యనకు పుట్టినిల్లయిన బర్మాలోనే విరాతు లాంటి భిక్షువులు ముస్లింల మీద విషం చిమ్మారు. 2017లో రొహింగ్యాలు లక్షలుగా దేశం వదిలి పారిపోయారు. ఆ భిక్షువులూ జనంలో తిరిగినవాళ్లే, సంఘాలు పెట్టినవాళ్లే. చారిక ఎవరి వైపు అన్నది ధ్యానం దానంతటదే నేర్పదు.

గూడెం కొండల్లో తపస్సు పోరాటంగా మారిన కథ అందరికీ తెలిసిందే. అల్లూరి సీతారామరాజు 1917లో కృష్ణదేవిపేట చేరినప్పుడు జనం ఆయన్ని చూసింది సన్యాసిగా. జపం, తపం, మూలికల వైద్యం. తాగుడు మానమని, కోర్టులకు పోకుండా తగువులు పంచాయతీలో తీర్చుకోమని చెప్పడం మొదటి మెట్టు. పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలు, నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తాసిల్దార్ బాస్టియన్ చేయించిన వెట్టి ఆయన్ని తర్వాతి మెట్టు ఎక్కించాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, ఆ వరసలోనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. సెప్టెంబర్‌లో దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. ఆయన బౌద్ధుడు కాదు, ఆయుధం పట్టిన దారిని బౌద్ధం ఒప్పదు. అయినా సాధువు జనం కష్టం పట్టించుకోవాలన్న పాఠం ఈ కొండలకు ఎవరో వచ్చి కొత్తగా నేర్పక్కర్లేదు. రోడ్డు సంగతే చూడండి. ఆనాడు వెట్టితో వేయించిన రోడ్డు తిరుగుబాటు పుట్టించింది. ఇవాళ రోడ్డు కోసం అర్జీలు పెట్టి విసిగి, తామే చందాలు వేసుకుని మట్టి దారి కొట్టుకున్న గిరిజన ఊళ్లు ఈ జిల్లాలో ఉన్నాయి. అరియరత్నే చూస్తే అది శ్రమదానం అని పిలిచేవాడు. ప్రభుత్వం చేయాల్సిన పని వాళ్ల నెత్తిన పడిందని నేను అంటాను.

నేల ఎవరిది అన్న ప్రశ్న చివరిదైనా చిన్నది కాదు. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1970 నాటి ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధన, జనం 1/70 అని పిలిచేది, గిరిజనేతరుడి పేరు మీదికి భూమి వెళ్లడాన్ని అడ్డుకుంటుంది. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమికీ అదే వర్తిస్తుందని, గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజు కూడా చెల్లదని చెప్పింది. 2015లో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైట్ కోసం ఇచ్చే జీవో 97 వచ్చినప్పుడు జెర్రెల చుట్టుపక్కల ఊళ్లు లేచాయి, చివరకు 2019లో అది రద్దయింది. అంత పోరాడి నిలుపుకున్న నేల మీద బినామీ పేరుతో ఆశ్రమమో, ధ్యానం పేరు తగిలించుకున్న రిసార్టో లేస్తే, అక్కడ ఎంత గొప్ప గురువు కూర్చున్నా పంచశీలాల్లో ఒకటి, ఇవ్వనిది తీసుకోకపోవడం, పునాదిలోనే తప్పినట్టు. కొండమీద శిబిరం పెట్టాలనుకునేవాళ్లు ముందు గ్రామసభ ముందు నిలబడి అడగాలి. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన విలువ అదే. వద్దంటే వెనక్కి రావాలి.

కొండలకు ధ్యానం అక్కర్లేదని కాదు నా మాట. ఎవరికి ముందు కావాలో చూడాలి. వానల్లో గెడ్డలు దాటి టీకాలు మోసే ఏఎన్ఎం, జ్వరాల రోజుల్లో నిద్రలేని ఆశా కార్యకర్త, వందల మంది పిల్లలకు రాత్రింబవళ్లు తల్లీదండ్రీ అయ్యే ఆశ్రమ పాఠశాల వార్డెన్, ఫీడర్ అంబులెన్స్ నడిపే కుర్రాడు. వీళ్లు చారిక చేస్తున్నవాళ్లే, వీళ్లకు వర్షావాసం లేదు. పది రోజులు కుదరకపోతే ఒక్క రోజు, వాళ్ల ఊళ్లోనే, జీతం కోయకుండా, వాళ్ల భాష తెలిసినవాళ్లతో. పిల్లలకు ఒక్క రోజు ఆనాపాన శిబిరాలు విపశ్యన కేంద్రాలు ఇప్పటికే నడుపుతున్నాయి, పెద్దలకూ ఆ కొలత కుట్టించడం అసాధ్యం కాదు. ధ్యానం కొందరికి తీవ్రమైన మానసిక ఇబ్బందులు తేవచ్చని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో వివరంగా రాశారు. పాత గాయాలు ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. తుపాకుల మధ్య పెరిగిన ఊళ్లలో ఆ జాగ్రత్త రెండింతలు కావాలి.

వనస్థలిపురంలోనో విజయరాయిలోనో పది రోజులు కూర్చుని వచ్చిన పాఠకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది సెలవులో ఇంకో పది రోజులు పక్కన పెట్టండి. మీరు డాక్టరైతే, నర్సైతే, లాయరైతే, లెక్కల మాస్టారైతే పాడేరు ఐటీడీఏకు ఉత్తరం రాసి ఏ పని కావాలో అడగండి, వాళ్లు చెప్పిన చోటికి వెళ్లండి. ఏదీ కాకపోతే రక్తం ఇవ్వండి. ఏజెన్సీలో సికిల్‌సెల్ ఎనీమియా ఉన్న పిల్లలకు రక్తం ఎక్కించాల్సి వస్తూనే ఉంటుంది, దాతలు మాత్రం మైదానంలో ఉన్నారు.